సముద్రం పక్కన ఇల్లు కొంటున్నారా? నీళ్లు ఎటు పోతాయో ముందు అడగండి

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో షార్లెట్‌లో ఉంటాడు. ఇప్పుడు సౌత్ కరోలినాలోని మిర్టిల్ బీచ్‌లో, గోల్ఫ్ కమ్యూనిటీలో, అంటే గోల్ఫ్ ఆడే మైదానం (కోర్సు) చుట్టూ కట్టిన ఇళ్ల కాలనీలో, ఇల్లు కొంటానంటున్నాడు. ఇంటి నుంచే పని కాబట్టి కుదురుతుందట. "ఇక్కడ చలి ఉండదు నాన్నా, మన కావలి లాగే వెచ్చగా ఉంటుంది, ఏడాదికి ఆరు నెలలు వచ్చి ఉండండి" అని ఒకటే పోరు. నాకు డెబ్బై దగ్గర పడుతోంది, మా ఆవిడకు షుగరు. గోల్ఫ్ గురించి మాకు ఓనమాలు కూడా తెలియవు. వెళ్లమంటారా? ఇల్లు కొనుక్కోమని వాడికి చెప్పమంటారా?
- రిటైర్డ్ టీచరు, కావలి

జవాబు: వెళ్లండి మాస్టారూ, నిక్షేపంగా వెళ్లండి. ఇల్లు కొనడం సంగతి మాత్రం వేరే, దానికి కొంచెం ఆగాలి.

వెచ్చదనం గురించి మీ అబ్బాయి చెప్పింది సగం నిజం. జులైలో అక్కడ పగలు 31, 32 డిగ్రీలు ఉంటుంది, ఉక్క మన తీరంలాగే ఉంటుంది, కానీ మన మే నెల వడగాడ్పు అక్కడ లేదు. జనవరి రాత్రుళ్లు మాత్రం రెండు మూడు డిగ్రీలకు దిగుతుంది, కావలి మనిషికి అది గట్టి చలే. అందుకని మార్చి ఆఖర్లో వెళ్లి ఆగస్టు నడిమికల్లా తిరిగి వచ్చేయండి. ఇక్కడి ఎండా తప్పుతుంది, అక్కడి తుపాన్ల ముదురు కాలమూ తప్పుతుంది. అక్కడ తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా లెక్క, అందులో ఆగస్టు సగం నుంచి అక్టోబరు దాకా ఎక్కువ భయం.

1989 నవంబరులో కావలి మీద పడిన తుపాను మీకు నేను గుర్తు చేయాల్సిన పని లేదు. అదే ఏడాది సెప్టెంబరులో హ్యూగో అనే తుపాను సౌత్ కరోలినాలో చార్లెస్టన్ దగ్గర తీరం దాటి ఆ రాష్ట్రాన్ని చావుదెబ్బ కొట్టింది. గాలి సంగతి మీకు తెలుసు. మీ అబ్బాయికి చెప్పాల్సింది నీళ్ల సంగతి. 2018లో ఫ్లోరెన్స్ తుపాను వచ్చి పోయిన చాలా రోజులకు, ఆకాశం తేటపడ్డాక, పైనుంచి వచ్చిన వరదతో మిర్టిల్ బీచ్ వెనక పారే వాకమా నది పొంగి, సముద్రానికి దూరంగా ఉన్న ఇళ్లలోకి కూడా నీళ్లు వచ్చాయి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోవడం చూసినవాళ్లం కదా, నది ఏం చేయగలదో మనకు తెలుసు. కాబట్టి "బీచ్‌కు ఎంత దూరం" అన్నదొక్కటే అడిగితే చాలదు. ఆ స్థలం ప్రభుత్వ వరద మ్యాపులో ఏ జోన్‌లో ఉంది, ఏజెంటును కాకుండా ఇరుగుపొరుగు వాళ్లను అడిగితే 2018లో వీధిలోకి నీళ్లు వచ్చాయంటారా, ఈ రెండూ తేలాలి. అక్కడ మామూలు ఇంటి ఇన్సూరెన్సులో వరద నష్టం ఉండదు, వరదకు విడిగా పాలసీ తీసుకోవాలి, ప్రభుత్వ పథకంలో అయితే సాధారణంగా డబ్బు కట్టిన 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. తుపాను బయల్దేరాక పరుగెత్తితే పని జరగదు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఆ ప్రాంతంలో 55 ఏళ్లు దాటినవాళ్ల కోసమే కట్టిన కమ్యూనిటీలు కూడా ఉన్నాయి. అక్కడి చట్టం ప్రకారం అలాంటిచోట కనీసం 80 శాతం ఇళ్లలో 55 దాటినవాళ్లు ఒక్కరైనా ఉండాలి, చాలాచోట్ల చిన్నపిల్లలు కాపురం ఉండటానికి ఒప్పుకోరు. మనవలున్న ఇల్లయితే ఇది మొదటే తేల్చుకోవాలి. నెలనెలా అసోసియేషన్ ఫీజు కట్టాలి, గోల్ఫ్ క్లబ్బు సభ్యత్వం చాలాచోట్ల దానికి అదనం. బయట దండెం కట్టి బట్టలు ఆరేయనివ్వని కమ్యూనిటీలు చాలా ఉన్నాయి, ముందు వాకిట్లో కూరపాదులు పెట్టనివ్వనివి కూడా. ఆ రూల్సు కాగితం మొత్తం చదివాకే సంతకం పెట్టమనండి. గోల్ఫ్ కోర్సు ఎవరి చేతిలో ఉందో కూడా అడగమనండి, ఎందుకంటే మిర్టిల్ బీచ్ చుట్టుపక్కల కొన్ని కోర్సులు మూతపడి ఆ జాగాలో ఇళ్లు లేచాయి. కిటికీలోంచి కనిపించే పచ్చిక కోసం ఎక్కువ ధర పెట్టినవాళ్లకు అది చిన్న నష్టం కాదు.

మీకు గోల్ఫ్ రాకపోయినా ఫర్వాలేదు, నడక వస్తే చాలు. ఆట జరిగేచోట కాకుండా వీధుల్లో నడవండి. తెల్లవారుజామున చెరువుల గట్ల మీదికి మాత్రం వెళ్లొద్దు, అక్కడి కోర్సుల చెరువుల్లో మొసళ్ల జాతివే అయిన ఆలిగేటర్లు ఉంటాయి. కారు లేకపోతే కాళ్లు కట్టేసినట్టే. మీ ఇద్దరికీ అసలు కష్టం ఇదే, పగలంతా ఎవరూ కదలని వీధిలో కూర్చోవాలంటే మనసుకు బరువుగా ఉంటుంది. వారానికి ఒకటి రెండు సార్లయినా బయటికి తీసుకెళ్లే మాట మీ అబ్బాయి దగ్గర ముందే తీసుకోండి. అమ్మగారి షుగరు మందులు డాక్టరు చీటీతో సహా సరిపడా పట్టుకెళ్లండి. సందర్శకుల ఇన్సూరెన్సు తప్పనిసరిగా తీసుకోండి, కాకపోతే ముందునుంచీ ఉన్న జబ్బులకు అది చాలావరకు పనిచేయదని తెలుసుకుని తీసుకోండి.

ప్రశ్న: కొత్తపట్నం వైపు సముద్రానికి నడక దూరంలో ప్లాట్లు వేశారు. ముందుముందు గోల్ఫ్ కోర్సు, క్లబ్బు వస్తాయని బ్రోచరులో వేశారు. అడ్వాన్సు కట్టమని మా మరిది తొందర పెడుతున్నారు.
- గృహిణి, ఒంగోలు

జవాబు: కట్టొద్దమ్మా, ఇప్పుడే కట్టొద్దు. పద్దెనిమిది హోల్స్ (బంతి వేసే గుంతలు) ఉండే గోల్ఫ్ కోర్సుకు నూరెకరాల పైమాటే కావాలి, ఆ పచ్చికకు ఎండాకాలం పొడుగునా నీళ్లు కావాలి. అమెరికాలో కొన్ని కోర్సులకు శుద్ధి చేసిన మురుగునీరు వాడతారు. ఇక్కడ ఎక్కడినుంచి తెస్తారు? ఒంగోలుకే సాగర్ కాలువ నీళ్లు చెరువుల్లో నిలవ చేసుకుని తాగుతున్నాం. తీరంలో భూమి కింద మంచినీరు ఉప్పునీటి మీద పలుచని పొరగా ఉంటుంది, బోర్లు వేసి గట్టిగా తోడితే కింది ఉప్పు పైకి వస్తుంది. రొయ్యల చెరువుల పక్క ఊళ్ల ఆడవాళ్లు బిందె పట్టుకుని ఎంత దూరం పోతున్నారో మీరే చూస్తుంటారు.

ఏపీ రెరా (స్థిరాస్తి వ్యాపారం మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకు అది తప్పనిసరి, ప్రకటనలో అబద్ధం చెబితే డబ్బు వెనక్కి అడిగే హక్కు కూడా ఆ చట్టం ఇస్తుంది. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడండి, ఆ స్థలం మీద పాత అమ్మకాలు, తాకట్లు చూపించే ఈసీ తీయించండి. తీరప్రాంత నిబంధనల ప్రకారం మామూలు పల్లెల్లో పోటు రేఖ (సముద్రపు పోటు వచ్చి ఆగే హద్దు) నుంచి 200 మీటర్ల లోపల కొత్త ఇళ్లు కట్టనివ్వరు, నడక దూరం అన్నారంటే టేపు పట్టి కొలిపించాల్సిందే. మీ మరిదిగారితో నేరుగా ఒక మాట చెప్పండి: ఈ కాగితాలు చూపించిన రోజున అడ్వాన్సు సంగతి మాట్లాడదాం అని.

ప్రశ్న: మైపాడు బీచ్‌లో అలలు మామూలుగానే ఉన్నా మనుషులు ఎలా కొట్టుకుపోతారు?
- ఇంటర్ విద్యార్థి, నెల్లూరు

జవాబు: ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ ఒక సన్నని దారి చూసుకుని వేగంగా లోపలికి తిరిగిపోతాయి నాయనా, ఆ దారిలో అలలు విరగవు కాబట్టి నీళ్లు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తాయి. అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదొద్దు, ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తి కేకలు వెయ్యాలి. స్నేహితుడు కొట్టుకుపోతుంటే వెనకే దూకొద్దు. తాడో, ఖాళీ డబ్బానో విసిరి, ఒడ్డున ఉన్న జాలర్లను పిలవాలి.