గల్ఫ్ యుద్ధంలో జనరల్ పగోనిస్ చేసిన పనేమిటి? ఆయన్ని ఇంకా ఎందుకు తలుచుకుంటారు?

విలియం 'గస్' పగోనిస్ అమెరికా సైన్యంలో లాజిస్టిక్స్ జనరల్. అంటే సైనికులకు తిండి, నీళ్లు, ఇంధనం, మందుగుండు అందేలా చూసే అధికారి. పెన్సిల్వేనియాలో గ్రీకు మూలాలున్న కుటుంబంలో 1941లో పుట్టారు. వియత్నాంలో చూపిన ధైర్యానికి సిల్వర్ స్టార్ పతకం అందుకున్నారు.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక, కొద్దిమందితో సౌదీ అరేబియాలో దిగారు. దళాలు రోజూ వచ్చి పడుతున్నాయి, వాళ్లకు సరిపడా వసతి మాత్రం లేదు. స్థానికంగా బస్సులు, లారీలు, గుడారాలు అద్దెకో కొనుగోలుకో తీసుకుని పని నడిపించారు. అయిదు లక్షలకు పైగా సైనికుల అవసరాలు తీర్చడమంటే మాటలు కాదు. ఎడారిలో ఉన్నవాళ్లకు వేడి బర్గర్లు అందాలని వంట బండ్లు కూడా తిప్పించారు. ఆయన మనసు నాకు అక్కడే తెలుస్తుంది.

ఆయన పద్ధతి చాలా సింపుల్. కింది ఉద్యోగి ఎవరైనా చిన్న కార్డు మీద సమస్య రాసి పైకి పంపొచ్చు. రోజువారీ మీటింగ్ నిలబడే జరిగేది, అందుకే ఎక్కువసేపు సాగేది కాదు.

అసలు పరీక్ష 1991 ఆరంభంలో వచ్చింది. శత్రువుకు తెలియకుండా రెండు భారీ కోర్‌లను, అంటే వేలాది సైనికులుండే పెద్ద దళాలను, పడమరకు, వందల కిలోమీటర్ల దూరం తరలించాలి. వాటికి కావలసిన నిల్వలు ఎడారిలో ముందే చేర్చాలి. అది కుదరబట్టే నేలమీది యుద్ధం దాదాపు 100 గంటల్లో ముగిసింది. పోరాడినవాళ్లతో సమానంగా ఈ గెలుపులో ఆయనకూ వాటా ఉందని నా అభిప్రాయం. యుద్ధం జరుగుతుండగానే లెఫ్టినెంట్ జనరల్ హోదా వచ్చింది.

1993లో రిటైరై, సియర్స్ దుకాణాల సంస్థలో సరుకు రవాణా బాధ్యత చేపట్టారు.