వార్డులో చేతులు వణుకుతుంటే నర్సింగ్ మానేయాలా?

ప్రశ్న: నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. థియరీలో మార్కులు బాగానే వస్తాయి. క్లినికల్ పోస్టింగ్‌లో మాత్రం చేతులు వణుకుతాయి. డ్రిప్ లెక్క తప్పానని వార్డు సిస్టర్ అందరి ముందూ మందలించారు. ఈ కోర్సు నాకు సరిపడదేమో అనిపిస్తోంది.

జవాబు: మానేసే ఆలోచన ఇప్పుడే వద్దు. ల్యాబ్‌లో సాధన చేసే బొమ్మ కదలదు, మూలగదు. వార్డులో పేషెంట్ చెయ్యి లాక్కుంటారు, పక్కన బంధువులు కళ్లార్పకుండా చూస్తుంటారు. మొదట్లో వణుకు రావడం మామూలే. లెక్క తప్పడం వేరే సంగతి. దాన్ని భయం ఖాతాలో వేయకండి.

500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో ఎక్కించాలనుకోండి. ఐవీ సెట్ (సెలైన్ ఎక్కించే గొట్టం) ప్యాకెట్ మీద మి.లీ.కి 20 చుక్కలని ఉంటే, 500ను 20తో గుణించి 240 నిమిషాలతో భాగించాలి. నిమిషానికి దాదాపు 42 చుక్కలు. 15 చుక్కల సెట్ అయితే 31, 60 చుక్కల మైక్రో సెట్ అయితే 125. సూత్రం కంఠతా వచ్చినవాళ్లు కూడా ప్యాకెట్ చూడక తప్పుతుంటారు. గంటలను నిమిషాల్లోకి మార్చడం మరిచిపోతే 2500 వస్తుంది. అన్ని చుక్కలు నిమిషంలో ఎవరు లెక్కపెట్టగలరు? అలాంటి జవాబు వచ్చిందంటే అక్కడే ఆగాలి. రేటు పెట్టాక వాచీ చూస్తూ నిమిషంపాటు చుక్కలు లెక్కపెట్టండి. పేషెంట్ మోచెయ్యి మడిచినా వేగం మారిపోతుంది కాబట్టి మధ్యమధ్యలో మళ్లీ చూడాలి.

మొదలుపెట్టకముందే, "సిస్టర్, 42 వచ్చింది, ఒకసారి చూస్తారా?" అని అడిగేయండి. తప్పు జరిగాక పడే చీవాట్లు చాలావరకు అక్కడే తప్పుతాయి. అందరి ముందూ మందలించడం మాత్రం పద్ధతి కాదు. అది పదేపదే జరుగుతుంటే తేదీ, సందర్భం రాసిపెట్టుకుని క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పండి.

ఇక వణికే చేతులతో అసలు ప్రమాదం సూదిది. వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టొద్దు, నేరుగా షార్ప్స్ డబ్బాలో వేయండి. గుచ్చుకుంటే పిండకుండా సబ్బుతో, పారే నీటితో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందులు గంటల్లోనే మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. తిడతారని దాచేవాళ్లున్నారు, అంతకంటే పెద్ద పొరపాటు లేదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో ఈ వారమే చూసుకోండి.

తర్వాతి పోస్టింగ్‌లో మొదటి కొన్ని ఇంజెక్షన్లకు ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన నిలబడమని అడగండి. ట్రే మొత్తం సర్దుకున్నాకే బెడ్ దగ్గరికి వెళ్లండి. దూది కోసం మధ్యలో వెనక్కి పరిగెత్తాల్సి వస్తే ఉన్న కాస్త ధైర్యమూ పోతుంది.