డాక్టర్ సలహా: అటక మీద గబ్బిలాలు.. ముందు ఆ చీపురు పక్కన పెట్టండి

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లెటూరు. మామగారి కాలం నాటి పెంకుటిల్లు. ఇత్తడి బిందెలు, పొగాకు పనుల సామాను దాచుకునే అటక మీద గబ్బిలాలు చేరాయి. రెండు వారాల కిందట మా అత్తగారు అటక ఎక్కి గంపెడు రెట్ట ఊడ్చి పోశారు. ఆమెకు షుగరు ఉంది. పది రోజులుగా పొడి దగ్గు, సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడటం. ఇది చాలదన్నట్టు, మూడు రోజుల కిందట తెల్లవారుజామున మా నాలుగేళ్ళ పాప పక్కలో గబ్బిలం కనిపించింది. అత్తగారే వట్టి చేత్తో పట్టుకుని బయట పడేశారు. పాప ఒంటి మీద గాటేమీ లేదు. ఇంట్లో గబ్బిలాయి దూరితే అరిష్టం, ఇల్లు ఖాళీ చేయండి అంటున్నారు కొందరు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, ప్రకాశం జిల్లా

జవాబు: మీ మెసేజ్ చూసిన వెంటనే ఫోన్‌లో చెప్పిన మాటే మిగతావాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను. అటక ఎక్కడికీ పోదు. ముందు పాపనీ, అత్తగారినీ ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

పాప ఒంటి మీద గాటు లేదన్నారు. ఆ మాట దగ్గరే నాకు భయం వేసింది. చిన్న గబ్బిలాల పళ్ళు సూది మొనల్లా ఉంటాయి. నిద్రలో ఉన్న పిల్లలకు కొరికినా తెలియదు, తెల్లారి వెతికితే దోమకాటంత గుర్తు కూడా కనిపించకపోవచ్చు. మన దేశంలో రేబిస్ దాదాపుగా కుక్కకాటు వల్లే వస్తుంది, గబ్బిలం నుంచి వచ్చే అవకాశం చాలా తక్కువ. అయినా గబ్బిలం నేరుగా ఒంటికి తగిలితే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడో కేటగిరీలో, అంటే తీవ్రమైన వాటిలో పెట్టింది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించుకోవడం దాదాపు అసాధ్యం. టీకా మాత్రం భద్రమైనది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నేనైతే నా బిడ్డకు టీకా వేయిస్తాను. మూడు రోజులు గడిచిపోయాయే అని ఆగొద్దు. ఆలస్యమైనా వేయించుకోవాల్సిందే. టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు వైరస్‌ను అడ్డుకునే ఇంజెక్షన్) కూడా కావాలా అన్నది అక్కడి డాక్టరు చూసి చెబుతారు. వట్టి చేత్తో పట్టుకున్నారు కాబట్టి మీ అత్తగారికీ ఇదే వర్తిస్తుంది.

ఇకముందు ఎవరికైనా గబ్బిలం కొరికినా, గీరినా, కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగండి. గడియారం చూసి కడగాలి, అరనిమిషం కడిగి అయిపోయిందనుకోవద్దు. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి ఏవీ అద్దకండి.

ఇక మీ అత్తగారి దగ్గు. మీరు ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే దగ్గు, జ్వరం అనే చెప్పి ఉంటారు. అటక ఊడ్చిన సంగతి చెప్పారా? గబ్బిలాల రెట్ట పేరుకున్న చోట హిస్టోప్లాస్మా అనే బూజు పెరగొచ్చు. ఎండిన రెట్టను చీపురుతో కదిలిస్తే కంటికి కనపడని దాని బీజాలు దుమ్ముతో పాటు లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూడు రోజుల నుంచి 17 రోజుల లోపు జ్వరం, దగ్గు, ఛాతీలో నొప్పి, నీరసం మొదలవుతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకు, స్టెరాయిడ్లు వాడేవాళ్ళకు ముదురుతుంది. షుగరు అదుపులో లేనివాళ్ళూ జాగ్రత్తగా ఉండాలి. ఎక్స్‌రేలో ఇది అచ్చం టీబీలాగే కనిపించవచ్చు. మీ అత్తగారికి ఉన్నది ఇదేనని నేను అనడం లేదు. టీబీ కావచ్చు, మామూలు దుమ్ము పడకపోవడం కావచ్చు. కఫం పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, షుగరు పరీక్ష చేయించండి. అడిగినా అడగకపోయినా ‘రెండు వారాల కిందట గబ్బిలాల రెట్ట ఊడ్చారు’ అన్న ఒక్క ముక్క డాక్టరు చెవిన వేయండి. అది తెలిస్తే వెతకాల్సిన చోటు తెలుస్తుంది, ఈ బూజు జబ్బుకు మందులున్నాయి.

ఇప్పుడు అటక. అక్కడున్నది ఎలుకల పెంటేమోనన్న అనుమానం ఉంటే, గ్లౌజులు వేసుకుని ఒక్క గింజను తడిపి పుల్లతో నొక్కి చూడండి. ఎలుకదైతే ముద్దగా, గట్టిగా ఉంటుంది. గబ్బిలానిదైతే పొడిపొడిగా విరిగి, లోపల పురుగుల రెక్కల ముక్కలు తళుకుమంటాయి. అది మీ పొలాల మీద ఎగిరిన పురుగుల లెక్క. పెంకుల కింద ఉండే చిన్న గబ్బిలాలు పురుగులు తిని బతికేవి, పంటకు మేలు చేసేవి. అరిష్టమన్న మాట పట్టించుకోకండి. వాటిని చంపనూ వద్దు. ఉబ్బసానికి గబ్బిలం మాంసం మంచిదని ఎవరైనా చెబితే అస్సలు నమ్మకండి.

పొగబెట్టడం, కలరా ఉండలు చల్లడం మానండి. పొగకు అవి బయటికి పోవు, బెదిరి కింద గదుల్లోకి దిగుతాయి. పైగా అటక మీద ఎండిన కట్టెలుంటే ఇల్లే అంటుకుంటుంది. కలరా ఉండల వాసన చిన్నపిల్లలకు మంచిది కాదు, కొందరు పిల్లల్లో రక్తకణాలు పగిలి కామెర్లు వస్తాయి.

వాటంతట అవే వెళ్ళిపోయేలా చేయాలి. రెండు మూడు రోజులు పొద్దుగూకే వేళ వాకిట్లో నిలబడి ఎక్కడి నుంచి బయటికొస్తున్నాయో చూడండి. గోడకీ వాసానికీ మధ్య వేలు దూరేంత సందు చాలు వాటికి, ఆ అంచున జిడ్డు మరక కూడా ఉంటుంది. ఆ సందుకు పైనా పక్కలా మేకులు కొట్టి, కింద రెండడుగులు వదులుగా వేలాడేలా ప్లాస్టిక్ పట్టా బిగించండి. లోపలివి కిందకు జారి బయటపడతాయి, తిరిగి దూరలేవు. చేపల వల మాత్రం కట్టకండి, చిక్కుకుని చస్తాయి. వారం చూసి, లోపల ఏవీ లేవని తేలాక సిమెంటుతో సందు పూడ్చండి. అటక మీద ఎగరలేని పిల్లలుంటే అవి ఎగిరేదాకా ఆగాల్సిందే. తల్లి బయట, పిల్లలు లోపల ఉండిపోతే అవి చచ్చి కుళ్ళి, మీకే ఇబ్బంది.

శుభ్రం చేయడం ఆ తర్వాత. మీ అత్తగారు, పాప ఆ రోజు ఇంట్లో ఉండకూడదు. చేసేవాళ్ళు ఎన్-95 మాస్కు, గ్లౌజులు, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. నోటికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు. మొక్కల మీద నీళ్ళు చల్లే చేతి స్ప్రేయరుతో సబ్బు నీళ్ళు మెల్లగా చల్లి, రెట్ట బాగా నానాక పారతో తీసి రెండు సంచుల్లో మూట కట్టండి. పొలానికి మందు కొట్టే స్ప్రేయరు వద్దు, దాని దెబ్బకు దుమ్ము లేస్తుంది. బ్లీచింగ్ కూడా వద్దు, గబ్బిలాల మూత్రంతో కలిస్తే ఊపిరాడనివ్వని వాయువు వస్తుంది. రెట్ట బస్తాల లెక్కన ఉంటే మీరు చేయకండి, పని తెలిసినవాళ్ళను పిలిపించండి.

ఈలోపు గబ్బిలం మళ్ళీ గదిలోకి వస్తే ముందు ఫ్యాను ఆపండి. పిల్లల్ని బయటికి పంపి, లోపలి తలుపు మూసి, లైటు తీసేసి కిటికీలు బార్లా తెరవండి. చాలాసార్లు అదే పోతుంది. కింద పడి ఉంటే దళసరి గ్లౌజులతో డబ్బా బోర్లించి, కింద అట్ట దూర్చి, బయట చెట్టు మాను మీద వదలండి. పాపను దోమతెరలో పడుకోబెట్టండి.

నిఫా గురించి కూడా కొందరు అడుగుతున్నారు. 2018లో కోజికోడ్ ప్రాంతంలో 17 మందిని పొట్టన పెట్టుకున్న ఆ వైరస్ పండ్లు తినే పెద్ద గబ్బిలాల్లో ఉంటుంది. అవి మర్రి, చింత చెట్లకు వేలాడతాయి, అటకల్లో ఉండవు. అయితే చెట్టు కింద పడిన కొరికిన జామకాయ, సపోటా ఎంత తియ్యగా ఉన్నా తినొద్దు. మూత కట్టని కుండలోని కల్లు తాగొద్దు.

ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టిన రోజే మిగతా తేదీలు చీటీ మీద రాయించుకుని గోడ క్యాలెండర్లో గుండ్రాలు చుట్టండి. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి డోసు వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి, ఆ తర్వాత 3, 7, 28 రోజుల్లో వేస్తారు. ఆ 28వ రోజు డోసునే చాలామంది ఎగ్గొడతారు. పాప విషయంలో అలా జరగనివ్వకండి.