మొదటి రెగ్యులేటర్ కొనే ముందు

కళింగపట్నం

అమ్మలూ,

నువ్వు పంపిన రెండు స్కూబా రెగ్యులేటర్ల (నీళ్ళలో సిలిండర్ గాలిని నోటికి అందించే వాటి) ఫొటోలు నిన్న రాత్రి చూశాను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను. అండమాన్ దీవుల్లోని స్వరాజ్ ద్వీప్‌లో డైవింగ్ కోర్సు పూర్తి చేశావు, విజయనగరం నుంచి ఆదివారాలు రుషికొండ వెళ్తున్నావు, ఎవరెవరి నోట్లోనో పెట్టిన అద్దె రెగ్యులేటర్ వద్దనుకున్నావు. కొనుక్కోవడం సబబే. కానీ ఏది మంచిదని అడిగే ముందు, ఆ రెండింటిలో దేన్ని మన దగ్గర విప్పి సర్వీసు చేసేవాళ్ళున్నారో అడిగావా?

నేను అడగలేదు. నేవీ నుంచి బయటికొచ్చి విశాఖ హార్బర్‌లో ఓడల అడుగు గీకే పనికి కుదిరిన కొత్తలో, విదేశం నుంచి వచ్చిన ఒకాయన దగ్గర చాలా మంచి రెగ్యులేటర్ కొన్నాను. ఊపిరి పీలిస్తే పట్టులా వచ్చేది. ఏడాది తిరిగేసరికి నోట్లో పెట్టుకునే భాగం, అంటే సెకండ్ స్టేజ్ నుంచి బుడగలు కారడం మొదలైంది. లోపల అరిగింది చిన్న రబ్బరు సీటే. ఆ సీటు ఉన్న సర్వీసు కిట్ మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు. రెండేళ్ళు ఆ వస్తువు బీరువాలో ఉంది, నేను అద్దె సెట్టుతోనే నీళ్ళలోకి దిగాను. అందుకే చెబుతున్నాను. నువ్వు డైవ్ చేసే సెంటర్‌లో సామాన్లు చూసే మనిషిని పట్టుకో. ఈ మోడల్ మీరు విప్పుతారా, కిట్ మీ దగ్గర ఉంటుందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు, ఎన్నాళ్ళకు వస్తుంది అని అడుగు. చాలా కంపెనీలు ఏడాదికోసారో వంద డైవ్‌లకోసారో సర్వీసు చేయించమంటాయి, కొన్ని రెండేళ్ళ గడువిస్తాయి. అంటే ఈ వస్తువుతో పాటు ఆ మనిషినీ ఎంచుకుంటున్నావు. అతను నీళ్ళు నమిలితే ఆ మోడల్ వదిలెయ్యి, ఎంత తగ్గించి ఇచ్చినా సరే.

ఇక వస్తువు సంగతి. వంటింట్లో గ్యాస్ బండ మీద రెగ్యులేటర్ ఉంది కదా, ఇదీ ఆ కుటుంబంలోదే. 1943లో ఫ్రాన్స్‌లో కూస్టో, గాన్యాన్ కలిసి చేసిన ఆక్వాలంగ్ కూడా, యుద్ధకాలంలో పెట్రోలుకు బదులు గ్యాస్‌తో నడిపిన కార్ల కోసం గాన్యాన్ చేసిన వాల్వు నుంచే పుట్టింది. నిండు సిలిండర్‌లో సుమారు 200 బార్ల ఒత్తిడి ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. సిలిండర్ మీద కూర్చునే ఫస్ట్ స్టేజ్ ఆ 200ని, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే తొమ్మిది పది బార్లు మాత్రమే ఎక్కువ ఉండేలా దించుతుంది. నోట్లో ఉండే సెకండ్ స్టేజ్ ఆ మిగిలినదాన్ని కూడా దించి, నువ్వు పీల్చినప్పుడు పీల్చినంత ఇస్తుంది. పది మీటర్ల లోతులో చుట్టూ రెండు బార్లు, ముప్ఫై మీటర్లలో నాలుగు. ముప్ఫై మీటర్లలో నీ ప్రతి ఊపిరిలో ఒడ్డున పీల్చే దానికి నాలుగింతల గాలి వెళ్తుంది, ఆ గాలి అంత చిక్కగానూ ఉంటుంది. రెగ్యులేటర్ మంచిచెడ్డలు అక్కడ తెలుస్తాయి. షాపులో కౌంటర్ దగ్గర పీల్చి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి.

బ్యాలెన్స్‌డ్, అన్‌బ్యాలెన్స్‌డ్ అంటే ఏమిటని అడిగావు. ఒకసారి ఓడ అడుగున పని చేస్తున్నాను. ఓడ అడుగు మధ్య దూలం దగ్గర చీకటి, పోటు నీరు లాగుతోంది, ఒక చేత్తో గీకుతూ ఇంకో చేత్తో తాడు పట్టుకున్నాను. ఆయాసం మొదలైంది. సిలిండర్ ఒత్తిడి చూపే గేజ్ చూస్తే 50 బార్లకు వచ్చేసింది. ఎంత లాగినా గాలి కొసరి కొసరి వస్తోంది. సిలిండర్‌లో గాలి ఉంది, పైకి రావడానికి చాలినంత ఉంది, నాకు అందేది మాత్రం తక్కువ. ఆ నిమిషంలో మనసు చేసే గోల నీకు రాకూడదు తల్లీ. నా సిలిండర్ మీద ఉన్న ఫస్ట్ స్టేజ్ అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్ రకం. సిలిండర్ ఖాళీ అవుతున్న కొద్దీ అది హోస్ లోకి పంపే ఒత్తిడి తగ్గుతుంది, పీల్చడం బరువెక్కుతుంది. బ్యాలెన్స్‌డ్ రకంలో సిలిండర్ నిండుగా ఉన్నా, అడుగంటుతున్నా ఊపిరి ఇంచుమించు ఒకేలా వస్తుంది.

అన్‌బ్యాలెన్స్‌డ్‌ని నేను తిట్టడం లేదు. స్కూబాప్రో ఎంకే2 లాంటివి అలాంటివే. లోపల భాగాలు తక్కువ, మొండిగా పనిచేస్తాయి, అందుకే డైవ్ సెంటర్లు అద్దెకు పెట్టుకుంటాయి. 18 మీటర్ల లోపల, నెమ్మదైన నీళ్ళలో అది చాలు. నువ్వు మాత్రం వచ్చే ఏడాది అడ్వాన్స్‌డ్ కోర్సు అంటున్నావు, ముప్ఫై మీటర్లంటున్నావు. కాబట్టి ఇంకో రెండు నెలలు డబ్బు కూడబెట్టి బ్యాలెన్స్‌డ్‌దే తీసుకో.

ఫస్ట్ స్టేజ్ లోపల గాలిని అదుపు చేసేది పిస్టనా, డయాఫ్రమా అన్నదానికి మన సముద్రమే జవాబు చెబుతుంది. అండమాన్ అద్దంలా ఉంటుంది. ఇక్కడ వానాకాలంలో వంశధార, నాగావళి ఎర్రనీళ్ళు వచ్చి కలుస్తాయి. బారువ దగ్గర మునిగిన పాత ఓడ చిల్కా మీదకు వెళ్ళాలని నీకు ఆశ ఉందని తెలుసు. అలాంటి చోట ఇసుక, సన్నటి బురద లేస్తూనే ఉంటాయి. మామూలు పిస్టన్ ఫస్ట్ స్టేజ్‌లో సముద్రపు నీరు స్ప్రింగ్ దాకా వెళ్ళి తగులుతుంది. డయాఫ్రమ్ రకంలో రబ్బరు పొర అడ్డు ఉండి ముఖ్యమైన భాగాలు నీటికి దూరంగా ఉంటాయి. పైన ఇంకో పొరతో మూసేసిన సీల్డ్ రకమైతే స్ప్రింగ్‌కి కూడా నీరు తగలదు. చల్లటి దేశాల్లో దీన్ని మంచు కట్టకుండా కొంటారు, మనకు బురద కోసం, ఉప్పు కోసం పనికొస్తుంది. నా మాట అడిగితే బ్యాలెన్స్‌డ్ డయాఫ్రమ్, సీల్డ్. నువ్వు పంపిన రెండో ఫొటోలోది ఆ రకమే. మొదటిది టైటానియం అని మురిసిపోయావు. తేలిక నిజమే, కానీ ఆ డబ్బు మన అవసరానికి ఎక్కువ. క్రోమ్ పూసిన ఇత్తడి జాగ్రత్తగా చూసుకుంటే ఏళ్ళ తరబడి వస్తుంది.

సిలిండర్‌కి బిగించే తీరు రెండు రకాలు, యోక్, డిన్. డిన్ స్క్రూలా లోపలికి తిరుగుతుంది, గట్టిది. యోక్ పైనుంచి పట్టు వేస్తుంది. నువ్వు వెళ్ళే చోట సిలిండర్లకు ఏ వాల్వు ఉందో చూసి అదే తీసుకో. డిన్ కొంటే యోక్ అడాప్టర్ కూడా సంచిలో ఉండాలి.

నోటి సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. అద్దె రెగ్యులేటర్‌తో నీకు దవడ నొప్పి వచ్చిందన్నావే, అది మౌత్‌పీస్ పెద్దదవడం వల్ల కావచ్చు. చిన్న సైజువి విడిగా దొరుకుతాయి, ప్లాస్టిక్ టై కోసి మార్చుకోవడమే. సెకండ్ స్టేజ్ బరువు కూడా చూడు, నలభై నిమిషాలు పళ్ళతో పట్టుకోవాలి. కుదిరితే కొనే ముందు స్విమ్మింగ్ పూల్‌లో పెట్టి చూడు. వెల్లకిలా తిరుగు, తలకిందులుగా ఉండు. ఊపిరితో పాటు నీటి తుంపర నోట్లోకి వస్తోందా గమనించు.

పసుపు రంగు ఆక్టోపస్, అంటే అదనంగా ఉండే ఇంకో సెకండ్ స్టేజ్, దాని దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని చూడకు. అది నీకోసం కాదు, గాలి అయిపోయి భయంతో నీ మీదకు వచ్చే మనిషి కోసం. దాని హోస్ సుమారు మీటరు ఉండాలి. డైవ్ మొదట్లో లోతు తక్కువ ఉన్నప్పుడే ఒక నిమిషం దానితోనే పీల్చి చూడు.

పాతది ఎవరైనా ఇస్తానంటే, ఫస్ట్ స్టేజ్ లోకి గాలి వెళ్ళే చోట కనిపించే ఫిల్టర్ చూడు, చిన్న బిళ్ళలా ఉంటుంది. పచ్చగా ఉంటే ఉప్పునీరు లోపలికి పోయిందని అర్థం. ఎర్రగా ఉంటే ఏదో సిలిండర్ తుప్పు. ఆ రెండిట్లో ఏది ఉన్నా వద్దను.

నీళ్ళలోకి దిగే ప్రతిసారీ రెండు పరీక్షలు చెయ్యి. సిలిండర్‌కి బిగించక ముందు, ఫస్ట్ స్టేజ్ కి గాలి వెళ్ళే చోట ఉండే మూత, డస్ట్ క్యాప్ మూసి, సెకండ్ స్టేజ్‌ని నోట్లో పెట్టుకుని మెల్లగా లాగు. ఏమీ రాకూడదు. గాలి వచ్చిందంటే ఎక్కడో చిల్లు ఉంది, లేదా బయటికి వదిలే వాల్వు కింద ఇసుక రేణువు ఇరుక్కుంది. ఆక్టోపస్‌నూ అలాగే చూడు. తర్వాత సిలిండర్ తెరిచి, గేజ్ ముల్లు మీద కన్నేసి, నాలుగు గట్టి ఊపిర్లు తీసుకో. ముల్లు కదలకూడదు. పీల్చినప్పుడల్లా పడి లేస్తోందంటే వాల్వు పూర్తిగా తెరవలేదు, కాకపోతే ఫిల్టర్ మూసుకుపోయింది. ఈ ముల్లు చూసే అలవాటు నన్ను రెండుసార్లు ఒడ్డునే ఆపింది.

ఇంటికి వచ్చాక డస్ట్ క్యాప్‌ని గుడ్డతో తుడిచి, బిగించి, మంచినీళ్ళలో నానబెట్టు. నానుతున్నప్పుడు సెకండ్ స్టేజ్ మీద ఉండే పర్జ్ బటన్ నొక్కకు. నొక్కితే లోపలి వాల్వు తెరుచుకుని నీరు హోస్ గుండా ఫస్ట్ స్టేజ్ దాకా పోతుంది. ఆరాక నీడలో, హోస్‌లు మెలిపడకుండా వదులుగా చుట్టి సంచిలో పెట్టు. మౌత్‌పీస్‌కి పలచటి గుడ్డ సంచి కట్టు. మన ఇళ్ళల్లో బొద్దింకలు ఆ సందులోకి దూరతాయి, నేను చూశాను.

సెంటర్ వాళ్ళు సర్వీసు గురించి ఏమన్నారో మెసేజ్ పెట్టు. సరేనంటే వచ్చే ఆదివారం నేనూ విశాఖ వస్తాను, డబ్బు కట్టే ముందు సిలిండర్‌కి బిగించి ఇద్దరం చూద్దాం. అమ్మకు చెప్పి నాకు కాస్త కందిపొడి పట్టుకురా.

నీ పెదనాన్న