అమ్మబోయే ఇంటికి హోమ్ స్టేజింగ్ మేలా, ఇంటీరియర్ డిజైన్ మేలా?

కడపలో ఇరవయ్యేళ్ల నాటి ఇల్లు అమ్మకానికి పెట్టానని, చేతిలో ఐదు లక్షలున్నాయని, దాంతో ఇంటీరియర్ చేయించాలా లేక స్టేజింగ్ వాళ్లను, అంటే అమ్ముడుపోయేదాకా అద్దె సామానుతో ఇల్లు సర్దిపెట్టేవాళ్లను, పిలవాలా అని అడిగారు. ఐదు లక్షలూ బ్యాంకులోనే ఉంచండి. జవాబు ఇంతే. ఎందుకో చెప్పాలంటే మా కర్నూలు ఇంటి సంగతి చెప్పాలి, అది కాస్త పొడుగు.

మా నాయన 1988లో పాతబస్తీలో, హంద్రీ నదికి దగ్గర్లో కట్టించిన ఇల్లది. కింద మూడు గదులు, పైన ఒకటి, వెనక పిడికెడు పెరడు, అందులో కరివేపాకు చెట్టు. నేలంతా బేతంచెర్ల పాలిష్ బండలు. నాయన పోయాక అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఉండలేకపోతోంది, ఇక అమ్మేద్దామని 2024 ఎండాకాలంలో అనుకున్నాం. నేనుండేది ఇదే ఊళ్లో, నంద్యాల రోడ్డు వైపు. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. ఆదివారం వస్తే చాలు, గేటెడ్ కమ్యూనిటీల్లో మోడల్ ఫ్లాట్లు చూసొస్తాడు. కొనేది లేదు, ఊరికే, ఏసీలో తిరిగి కాఫీ తాగి రావడానికి. ఆ చూసిన జ్ఞానమంతా మా ఇంటి మీద ప్రయోగించాడు.

"అన్నా, ఇట్లే చూపిస్తే ముసలోళ్ల ఇల్లని సగం రేటుకడుగుతారు. ముందు లుక్ మార్చాల" అన్నాడు. సరే అన్నాను. ఆ "సరే" ఖరీదు నాలుగు లక్షల ఎనభై వేలు.

డిజైనర్ పిల్లోడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. రెండు గంటలున్నాడు. ఒక్క కుళాయి తిప్పలేదు, ఒక్క గోడ మీద చెయ్యి పెట్టలేదు. "థీమ్ ఏమనుకుంటున్నారు సార్?" అని మాత్రం మూడుసార్లు అడిగాడు. మా అమ్మ నన్ను లోపలికి పిలిచి, "తీమంటే ఏందిరా, బొమ్మల కొలువా?" అంది. చివరికి హాల్లో ఫాల్స్ సీలింగ్, వంటింట్లో మాడ్యులర్ కిచెన్, గోడలకి పీవీసీ ప్యానెళ్లు, బండల మీద చెక్కలాగా కనిపించే షీటు అని తేల్చాడు.

ఇక్కడ నా గోడు కొంత వినాలి. కర్నూలు ఎండలకి పదకొండు అడుగుల ఎత్తున్న హాలంటే వరం. దాన్ని కిందికి దించి, జిప్సమ్ బోర్డు కొట్టి, ఫ్యాన్ రాడ్డు కురచ చేసి, చుట్టూ నీలం లైట్లు పెట్టడాన్ని అందం అంటున్నారు. మా మేనకోడలు పెళ్లి మండపంలో కూడా అవే నీలం లైట్లు. బేతంచెర్ల బండ మీద మే నెలలో మధ్యాహ్నం ఒట్టి వీపుతో పడుకున్నవాడికి తెలుస్తుంది, దాన్ని ప్లాస్టిక్ షీటుతో కప్పడం ఎంత పాపమో. ఆ మాట పైకి అనలేదు. అన్నుంటే తమ్ముడు "నీకు టేస్ట్ లేదన్నా" అనేవాడు.

అసలు సంగతి ప్యానెళ్లది. 2009 అక్టోబరు 2న కర్నూలుకి తుంగభద్ర, హంద్రీ కలిసి వచ్చిన సంగతి మీ కడప వాళ్లకు కూడా గుర్తుండే ఉంటుంది. మా కింది గదుల్లో నీళ్లు నా భుజాల దాకా వచ్చాయి. నీళ్లు తీసి, ఒండ్రు ఎత్తి పోసి, ఇల్లు కడుక్కున్నాక నాయన హాలు గోడ మీద నీళ్లు ఆగిన చోట నీలం పెయింటుతో గీత గీసి, పక్కన తేదీ రాశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు సున్నం వేయించినా ఆ గీతను వదిలేసి వేయించేవాడు. పాతబస్తీలో ఇట్లాంటి గీతలు చాలా ఇళ్లలో ఉన్నాయి. డిజైనర్ దాన్ని చూసి "ఇది కవర్ చేసేద్దాం సార్, నెగటివ్‌గా ఉంటుంది" అన్నాడు. గోడ కింద రెండడుగుల మేర చెమ్మెక్కి పెచ్చులు లేస్తుంటే దాన్నీ అదే ప్యానెల్‌తో మూసేశాడు.

ఫోటోలు తీసి పెట్టారు. ఏ లెన్సు వాడారో గానీ మా పన్నెండడుగుల హాలు కొండారెడ్డి బురుజు ముందరి మైదానంలా ఉంది. ఫోన్లు బాగానే వచ్చాయి. వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి "ఇదేనా?" అని తిరిగి చూసేవాళ్లు. ఫోటో పెద్దదయ్యే కొద్దీ ఇల్లు చిన్నదవుతుందని అప్పుడు తెలిసింది.

ఆగస్టులో ఒక కుటుంబం వచ్చింది. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసి మానుకున్న పెద్దాయన, ఆయన భార్య, కోడలు. డబ్బు సిద్ధంగా ఉన్న మనుషులని బ్రోకరు ముందే చెవిలో ఊదాడు. పెద్దాయన హాల్లో సోఫాలో కూర్చుని లైట్లు చూస్తున్నాడు. (ఆ సోఫా మాది కాదు, తమ్ముడు నెల అద్దెకి తెప్పించాడు. స్టేజింగ్ ముచ్చట కూడా అట్లా తీర్చుకున్నాడు.) కోడలు ఫోన్లో వీడియో తీస్తోంది. ఆ పెద్దమ్మ మాత్రం హాలు వైపు చూడనే లేదు. నేరుగా వెనక్కి పోయింది. పెరట్లో కుళాయి తిప్పి, దోసిట్లో నీళ్లు పట్టి నోట్లో పోసుకుని ఉమ్మింది. బోరు ఎన్నడుగులని అడిగింది. స్నానాల గదిలోకి పోయి తూము దగ్గర ముక్కు పెట్టింది. వంటింట్లో గట్టు ముందు నిలబడి, "ఇదేంది, నా నడుము కింద ఉండాది" అంది. మా అమ్మ పొట్టి. డిజైనర్ మా అమ్మను నిలబెట్టి ఎత్తు కొలిచాడు. ఇల్లు వదిలి పోయే మనిషి ఎత్తుకి వంటగట్టు కట్టించిన తెలివైనవాళ్లం మేము.

తర్వాత హాల్లోకి వచ్చి అరచెయ్యి గోడకి ఆనించింది. వేళ్ల కణుపులతో తట్టింది. టక టక. డొల్ల చప్పుడు. ఇంకొంచెం పక్కన తట్టింది. మళ్లీ డొల్ల. అప్పుడు మంచం మీద కూర్చున్న మా అమ్మ వైపు తిరిగింది.

"ఏమ్మా, నీళ్లప్పుడు మీ ఇంట్లో యాడ మట్టుకు వచ్చిండె?"

అమ్మ లేచి వచ్చి ప్యానెల్ మీద చెయ్యి పెట్టి చూపించింది. "ఇంగో, ఈడ మట్టుకు."

"మరి గీత యాడమ్మా? మా యక్కోళ్ల ఇంట్లో ఇప్పటికీ ఉండాది."

"దీని ఎనకాలుంది. పిల్లోళ్లు మూసినారు."

పెద్దమ్మ నావైపు చూసింది. కోపంగా కాదు. బడికి ఎగ్గొట్టి దొరికిన పిల్లోణ్ని చూసినట్టు. "గీత మూసినారంటే ఇంగా ఏమేమి మూసినారో" అని భర్తకి సైగ చేసింది. పెద్దాయన సోఫాలోంచి లేచాడు. "ఫోన్ చేస్తాంలే సామీ" అన్నాడు. ఆ ఫోను ఈరోజు వరకు రాలేదు.

రాత్రి తమ్ముడు ఫోన్లో "అమ్మను ఆ పూటకి మీ ఇంట్లో ఉంచాల్సింది కదన్నా" అన్నాడు. అమ్మ పక్కనే ఉండి వింది. ఒక వారం వాడితో మాట్లాడలేదు.

ఆ తర్వాతి ఆదివారం నేనూ, ఒక మేస్త్రీ కలిసి ప్యానెళ్లు పీకేశాం. వెనకంతా నల్లగా బూజు, మురిగిన గోనెసంచి వాసన. నాలుగు నెలలకే. మేస్త్రీ చూసి చెప్పిందేమంటే, అప్పట్లో పునాది మీద చెమ్మ ఎక్కకుండా వేసే పొర మా ఇంటికి వేయలేదు, అందుకే నేలలోని తడి ఇటుక పట్టుకుని పైకి వస్తోంది. దానికి తోడు స్నానాల గది పైపు ఒకటి గోడ లోపల కారుతోంది. గోడకి గాలి తగిలితే ఆ తడి కొంతైనా ఆరేది. ప్లాస్టిక్‌తో మూసేసరికి లోపలే నిలిచిపోయింది. నీలం గీత మాత్రం అట్లే ఉంది, నాయన రాసిన "2-10-2009, శుక్రవారం"తో సహా. మధ్యలో డిజైనర్ కొట్టిన మేకు బెజ్జాలు మూడు.

పైపు మార్పించాం. మూడడుగుల ఎత్తు దాకా పూత ఇటుక కనిపించేవరకు గీకి, నెలన్నర ఆరనిచ్చి, తడి ఆపే మందు కలిపిన సిమెంటుతో మళ్లీ పూయించాం. గీత దానికి పైన ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు. ఫాల్స్ సీలింగ్ విప్పించి, ఇల్లంతా తెల్ల రంగు వేయించాం. బండల మీది షీటు ఎత్తేసి పాలిష్ పట్టించాం. అన్నీ కలిపి డెబ్బై వేలు దాటలేదు.

మీరు స్టేజింగ్ గురించి అడిగారు కాబట్టి దాని గురించీ ఒక మాట. 1970లలో అమెరికాలో మొదలైన పద్ధతంటారు. అక్కడ ఖాళీ ఇంటికి సోఫాలు, మంచాలు, గోడ బొమ్మలు నెలల లెక్కన అద్దెకి తెచ్చి సర్దుతారు, ఇల్లు అమ్ముడుపోగానే వెనక్కి పంపేస్తారు. ముందు ఫోటో చూసి, తర్వాత ఇల్లు చూసేచోట అది పనిచేస్తుందేమో. బెంగళూరులో కొత్త ఫ్లాటయితే నేనూ కాదనను. మన దగ్గర ఇల్లు కొనడానికి వచ్చేది ఒక్కరు కాదు, ఎనిమిది మంది. అందులో ఒకరు వాస్తు చూస్తారు, ఒకరు బోరు చూస్తారు, ఒకరు పక్కింటివాళ్లతో మాట కలిపి గుట్టంతా లాగుతారు. అద్దె సోఫా వాళ్లలో ఎవరికి కావాలి? వాస్తు మనిషిని వెంటబెట్టుకొచ్చి, ఆయన ఫీజు కూడా మననే ఇమ్మనే రకాలున్నారు. నా దగ్గర ఒకాయన వెయ్యి అడిగాడు. ఈశాన్యంలో బరువుందని చెప్పడానికి నేనివ్వాలట వెయ్యి.

స్టేజింగ్‌లో నాకు పనికొచ్చింది ఒక్కటే, సామాను తగ్గించడం. నాయన దాచిన ఖాళీ ఎరువుల సంచులు, పదేళ్ల క్యాలెండర్లు, ఇనుప బీరువా, ఎవరిదో తెలియని కుట్టుమిషన్, అన్నీ తీసేశాం. అమ్మ మంచం, రెండు కుర్చీలు మిగిల్చాం. గేటుకి గ్రీజు, మోటారుకి కొత్త వాల్వు, చీకటి మూలల్లో బల్బులు. చూడొచ్చేవాళ్లను ఉదయం ఎనిమిదికే రమ్మనేవాణ్ని. అప్పుడు తూర్పు కిటికీలోంచి వెలుగు హాలంతా పరుచుకుంటుంది, వీధిలో ఆటోల రొద ఇంకా మొదలవ్వదు. ఇది మోసం కాదా అంటే, కాదు. పెళ్లిచూపులకి తల దువ్వుకోవడం మోసమా?

అన్నిటికంటే పనిచేసింది ఒక ఫైలు. ఈసీ (ఇంటి మీద అప్పులు, తాకట్లు ఉన్నాయో లేదో చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు), ఇంటి పన్ను రసీదులు, నాయన మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పైపు మార్పించిన బిల్లు, అన్నీ ఒకే చోట. నేను మాట్లాడేది తగ్గించి ఫైలు చేతికిచ్చేవాణ్ని.

జనవరిలో డోన్‌లో పనిచేసే టీచర్ల జంట వచ్చింది. ఆ అమ్మాయి గీత చూసి అడిగింది. అమ్మ ఆ వరద రాత్రి సంగతంతా చెప్పుకొచ్చింది. మా మేడ మీద వీధివాళ్లతో కలిపి పదకొండు మంది ఉన్నదీ, ఒక బియ్యం డబ్బా, బొరుగుల సంచీ ముందే పైకెక్కించినదీ, తెల్లారి చూస్తే గేటు ఎక్కడుందో కనపడనిదీ. నేను తల పట్టుకున్నాను, పోయింది ఈ బేరం కూడా అని. ఆ అబ్బాయి మెట్ల వైపు చూసి, "ఎక్కడానికి మేడైతే ఉంది కదా" అన్నాడు. మేం అనుకున్నదానికి రెండు లక్షలు తక్కువకి తెగింది. నది దగ్గరి ఇంటికి ఆ తగ్గింపు న్యాయమే. ఇదే ఊళ్లో నదికి దూరంగా ఉండే సీ క్యాంపులో ఇల్లయితే ఈ ప్రశ్నే అడగరు, ఆ రేటు వేరు.

పన్ను సంగతి కూడా చెప్పాలి, ఎవరూ ముందు చెప్పరు. ఇంటికి స్థిరంగా చేయించిన మెరుగులకి బిల్లులుంటే వాటిని ఇంటి ఖర్చులో కలిపి లాభం తగ్గించి చూపించుకోవచ్చు. సోఫాలు, కర్టెన్ల లాంటి కదిలే సామానుకి అది కుదరదు. 2024 జూలై 23కి ముందు కొన్న ఇల్లయితే సూచీ లెక్కతో (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధరను పెంచి చూసే లెక్క) 20 శాతం, అది లేకుండా 12.5 శాతం, రెంటిలో ఏది తక్కువైతే ఆ పన్నే పడుతుంది. 2001కి ముందు కట్టిన ఇంటికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. ఇదంతా ఆడిటర్ వివరంగా చెప్పి, "ఇంటీరియర్ బిల్లులు ఇవ్వండి" అన్నాడు. ఏముంది ఇవ్వడానికి? కొటేషన్ వాట్సాప్‌లో, సగం డబ్బు ఫోన్‌పేలో, సగం చేతికి. డిజైనర్ ఇప్పుడు ఫోనెత్తడు. అసలు విప్పేసిన సీలింగ్‌ని మెరుగు అని ఎట్లా చూపిస్తారో అది వేరే ప్రశ్న.

కాబట్టి మీ ఇంట్లో చెమ్మ ఉంటే చూపించి బాగు చేయించండి, సామాను తీసేయండి, కాగితాలు సర్దండి. గట్టు ఎత్తు, గోడ రంగు కొనేవాళ్లు చూసుకుంటారు.

మాడ్యులర్ కిచెన్ టీచరమ్మ వద్దంది, ఆమె కూడా పొడుగే. విప్పి మా ఇంటి అటక మీద పడేశాం. అందులో నా వాటా ఎంతని తమ్ముడు ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. పీవీసీ ప్యానెళ్లు మాత్రం పనికొచ్చాయి. మా చిన్నాయన ట్రాక్టర్‌లో వేసుకుపోయి గొర్రెల దొడ్డికి వాన జల్లు కొట్టకుండా అడ్డం కట్టుకున్నాడు. మొన్న పోయినప్పుడు చూశాను. పాలరాయి డిజైన్, బంగారు అంచు. అక్కడ బాగానే ఉన్నాయి.