ఇంకొకరికి చదువు చెబుతూ కూర్చుంటే మన చదువు వెనకబడదా?

మీరు పోటీ పరీక్షకు చదువుతున్నారు. టైమ్ తక్కువ ఉంది. తోటి స్నేహితుడు రోజూ ఒక గంట లెక్కలు చెప్పమంటున్నాడు. చెబితే నీకూ మంచిదేనని అందరూ అంటున్నారు, అది నిజమా, ఊరికే అనే మాటా అని అడిగారు.

నిజమే. కాకపోతే అందరూ చెప్పే కారణం వల్ల కాదు. పదిసార్లు చెబితే బాగా గుర్తుంటుందని అంటారు కదా, నా అనుభవంలో అలా వచ్చిన లాభం కొంచెమే. నేను చెప్పింది ఎదుటివాళ్లకు అర్థం కానప్పుడు నేర్చుకున్నదే ఎక్కువ.

మా మేనకోడలికి నాలుగో తరగతి నుంచి నేనే లెక్కలు చెప్పాను. డిగ్రీలో మ్యాథ్స్ చదివినవాణ్ని, చిన్నపిల్ల లెక్కలకు నేను ప్రిపేర్ అవడమేమిటి అనుకున్నాను. గుణిస్తే పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది, ఇది గుర్తుంచుకో అన్నాను. బుద్ధిగా నోట్‌బుక్‌లో రాసుకుంది. రెండేళ్లు గడిచాక భిన్నాల భాగహారం వచ్చింది. 3ను అరతో భాగించాలి. "అరను తలకిందులు చేసి గుణించు, 6 వస్తుంది" అన్నాను. చేసింది, ఆన్సర్ సరిగ్గానే వచ్చింది. కానీ పెన్సిల్ పక్కన పెట్టేసి నా వైపు చూసింది.

"భాగిస్తే తగ్గుతుందన్నావు కదా మామయ్యా, మూడు కాస్తా ఆరెలా అయింది? అసలు తలకిందులు ఎందుకు చెయ్యాలి?"

"రూల్ అంతే తల్లీ" అనబోయి ఆగిపోయాను. నా దగ్గర జవాబు లేదు. అప్పటికి కొన్ని వేలసార్లు అలా తలకిందులు చేసి ఉంటాను, ఎందుకు అని ఒక్కసారీ అడుక్కోలేదు. రేపు చెబుతానన్నాను. ఆ రాత్రి కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

భాగించడం అంటే ఇందులో అవి ఎన్ని ఉన్నాయి అని అడగడం. 3 కాగితాలను సగం సగం చేస్తే 6 ముక్కలు వస్తాయి. ఇంతవరకూ సులువే. కానీ అరతో కుదిరిందని అన్నిటికీ కుదురుతుందని ఏముంది? 3ను ముప్పావుతో భాగించి చూశాను. మూడు కాగితాల్లో ఎన్ని ముప్పావులు ఉన్నాయి? ముందు కాగితాలన్నిటినీ పావులు చెయ్యాలి, 12 పావులు వస్తాయి. అంటే 4తో గుణించినట్టు. ఒక్కో ముప్పావుకు మూడు పావులు కావాలి కాబట్టి వాటిని మూడేసి చొప్పున పేర్చాలి, 4 కుప్పలు అవుతాయి. అంటే 3తో భాగించినట్టు. హారంతో గుణించి, లవంతో భాగించాను. తలకిందులు చెయ్యడం అంటే ఇదే! ముప్పావు అనే మాటలోనే మూడు పావులు ఉన్నాయి, చిన్నప్పటి నుంచీ ఆ మాట వాడుతూనే ఉన్నాను, ఎప్పుడూ వినబడలేదు.

మర్నాడు పాపకు ముందు ఒక విషయం చెప్పాల్సి వచ్చింది. భాగిస్తే తగ్గుతుందని అప్పట్లో నేను చెప్పింది తప్పు, ఒకటి కన్నా చిన్న భిన్నంతో భాగిస్తే పెరుగుతుంది అని. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం నాకు అంత తేలిగ్గా రాలేదు. కానీ ఆ రోజు నుంచి తను అడిగే ప్రశ్నలు రెట్టింపయ్యాయి. మామయ్యకు కూడా తెలియనివి ఉంటాయని తెలిశాక, తనకు తెలియదని చెప్పడానికి భయం పోయిందనుకుంటాను.

ఈ అనుభవం నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది. 2002లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు, జిప్, తాళం లాంటి మామూలు వస్తువులు ఎలా పనిచేస్తాయో మీకెంత తెలుసు అని జనాన్ని అడిగి మార్కులు వేసుకోమన్నారు. తర్వాత అది ఎలా పనిచేస్తుందో మెట్టుమెట్టుగా వివరించి రాయమన్నారు. రాయడం మొదలుపెట్టాక వాళ్లే తమ మార్కులు తగ్గించుకున్నారు. వాడటం తెలిస్తే విషయమే తెలుసనుకుంటాం. ఒంటరిగా చదువుకునేటప్పుడు ఈ భ్రమ బయటపడే అవకాశం చాలా తక్కువ, ఎందుకంటే మనల్ని మనం "ఎందుకు" అని అడుక్కోం.

అయితే ఎలా చెప్పినా లాభం ఉంటుందనుకోకండి. మధ్యలో కొన్ని నెలలు ఆఫీసు పని ఎక్కువై, గైడ్ తెరిచి అందులోని సొల్యూషన్ చదివి వినిపించేవాణ్ని. ఆ నెలల్లో చెప్పిన చాప్టర్లు పాపకూ గుర్తులేవు, నాకూ లేవు. 2018లో సింగపూర్‌లో జరిగిన ఒక పరిశోధనలో కూడా దాదాపు ఇదే తేలింది. నోట్స్ చూడకుండా పాఠం చెప్పినవాళ్లకు వారం తర్వాత బాగా గుర్తుంది. రాసిపెట్టిన స్క్రిప్ట్ చూసి చెప్పినవాళ్లకు ఆ లాభం రాలేదు. బుర్రలోంచి బయటికి తీయడంలోనే పని జరుగుతోందన్నమాట. అందుకే మీ స్నేహితుడితో కూర్చున్నప్పుడు పుస్తకం మూసెయ్యండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడే మీ సొంత చదువులో పగులు ఉంది.

ఇంకొక సంగతి, మీకు వెంటనే పనికొస్తుంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో కొందరికి ఇది చదివాక వేరేవాళ్లకు చెప్పాలని, కొందరికి పరీక్ష ఉంటుందని చెప్పి ఒకే పాఠం చదివించారు. చివరికి ఎవరితోనూ పాఠం చెప్పించలేదు, అందరికీ పరీక్షే పెట్టారు. చెప్పాల్సి ఉంటుందనుకుని చదివినవాళ్లకే ఎక్కువ విషయాలు, మరింత క్రమంగా గుర్తొచ్చాయి. నాకూ అంతే, సాయంత్రం పాప ఏం అడుగుతుందో అనే ఆలోచన ఉంటే చదివే తీరే మారిపోయేది. ముఖ్యమైనది ఏది, ముందు ఏం చెప్పాలి, దేనికి ఉదాహరణ కావాలి అని చూసుకుంటూ చదివేవాణ్ని.

చదువు సంగతి అలా ఉంచితే, మనిషిగా నాలో వచ్చిన మార్పు నాకు ఇంకా విలువైనది. ముందు నాకు ఓపిక ఉండేది కాదు. "ఇది చాలా ఈజీ" అని మొదలుపెట్టేవాణ్ని. ఆ మాట వినగానే పాప ముఖం ముడుచుకునేది. ఈజీ అన్నది కూడా రాకపోతే ఇక అడగడానికి సిగ్గు కదా. అది మానేశాను. "అర్థమైందా?" అని అడగడం కూడా మానేశాను, ఎందుకంటే దానికి అందరూ అర్థమైందనే అంటారు. దాని బదులు "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అంటాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేటప్పుడూ ఇదే పద్ధతి. వాళ్లు చెబుతుంటే మధ్యలో అందుకోకుండా వినడం నాకు అన్నిటికన్నా కష్టంగా వచ్చిన విద్య.

పాత శ్లోకం ఒకటుంది. విద్యలో పావు వంతు గురువు దగ్గర, పావు సొంత తెలివితో, పావు తోటి విద్యార్థులతో, మిగిలిన పావు కాలం గడిచేకొద్దీ వస్తుందని. మీ స్నేహితుడు అడుగుతున్న ఆ గంట మూడో పావు అనుకోండి.

అలాగని పరీక్ష దగ్గర పెట్టుకుని రోజంతా ఇవ్వమనను. మీకు నిద్రలో లేపి అడిగినా వచ్చే టాపిక్ చెబితే అతనికి ఉపయోగం, మీకు తక్కువ. మీకూ కాస్త అనుమానం ఉన్న చాప్టర్లు ఎంచుకోండి. గంట అయిపోగానే లేచిపోండి. ఒకరోజు మీరు, ఒకరోజు అతను చెబితే ఇంకా మంచిది. సందేహం ఉన్నచోట ధైర్యంగా తప్పు చెప్పేయకండి. నేను చెప్పిన ఒక తప్పు రెండేళ్లు ఒక పిల్ల నోట్‌బుక్‌లో ఉండిపోయింది, ఆ బాధ నాకు తెలుసు. తెలియకపోతే రాసి పెట్టుకుని రేపు చూద్దాం అనండి.

అలా రాసుకోవడానికి నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. సున్నాతో ఎందుకు భాగించకూడదు, సున్నా కాని ఏ సంఖ్యకైనా ఘాతం సున్నా అయితే ఒకటే ఎందుకు వస్తుంది లాంటివన్నీ రాసి, జవాబు దొరికాక కొట్టేసేవాణ్ని. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకు అన్నది మాత్రం చాలాకాలం అలాగే ఉండిపోయింది. నేను ఇచ్చిన జవాబులేవీ పాపకు నచ్చలేదు. తొమ్మిదో తరగతిలో ఒక సాయంత్రం తనే ఆ నోట్‌బుక్ తీసి, −3ను వరసగా 2తో, 1తో, 0తో గుణించి ఒకదాని కింద ఒకటి రాసింది. −6, −3, 0. "ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా మూడు పెరుగుతోంది చూడు మామయ్యా, ఇంకో మెట్టు దిగి −1తో గుణిస్తే ఎంత రావాలి?" అని అడిగి, నేను చెప్పేదాకా ఆగింది. మూడు అన్నాను. పెన్ను తీసుకుని ఆ ప్రశ్న తనే కొట్టేసింది.