నడుస్తూ నడుస్తూ ఆగిపోయే క్వాడ్ బైక్: సీడీఐ కొనే ముందు, ఆగిన చోటే చూడండి

మీరు అడిగింది ఇదీ: తోటలో తిరగడానికి కొన్న సెకండ్ హ్యాండ్ 200 సీసీ క్వాడ్ బైక్, కార్బొరేటర్ బండి. పొద్దున స్టార్ట్ చేస్తే పావుగంట, ఇరవై నిమిషాలు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్ళీ స్టార్ట్ అవుతుంది. ఒక్కోసారి గతుకుల్లో కూడా టక్కున ఆగుతోంది. ప్లగ్ మార్చారు, కార్బొరేటర్ సర్వీస్ చేయించారు, బ్యాటరీ కొత్తది వేశారు. ఇప్పుడు మెకానిక్ సీడీఐ (ప్లగ్‌కు స్పార్క్ కొట్టించే ఎలక్ట్రానిక్ డబ్బా) మారుద్దాం అంటున్నాడు. మార్చమంటారా, వద్దా అని.

ఇప్పుడే వద్దండీ. ముందు ఇది చదవండి.

మాకు వికారాబాద్ దగ్గర తోట ఉంది. ఎర్రమట్టి నేల. వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము. డ్రిప్ పైపులు, ఎరువు బస్తాలు మోయడానికి రెండు క్వాడ్ బైకులు వాడుతున్నాం. రెండూ వేర్వేరు సమయాల్లో సరిగ్గా మీ బండిలాగే ఏడిపించాయి. మొదటి బండికి నేనూ మీలాగే ఒకటి తర్వాత ఒకటి సామాన్లు మారుస్తూ పోయాను. ప్లగ్, ప్లగ్ క్యాప్, కాయిల్, చివరికి సీడీఐ కూడా. నెలన్నర పోయింది, డబ్బులు పోయాయి, బండి మాత్రం అలాగే ఆగింది. అసలు రోగం ఇందులో ఏదీ కాదు.

ఈ రకం సమస్యలో చిక్కేమిటంటే, బండి మెకానిక్ దగ్గరికి వెళ్ళేసరికి బాగుంటుంది. స్టార్ట్ అవుతుంది, రేస్ ఇస్తే పలుకుతుంది. ఆయన మాత్రం ఏం చూడగలడు? అందుకే ఊహించి సామాను మారుస్తాడు. ఆగిన తర్వాత మొదటి రెండు మూడు నిమిషాల్లో, అక్కడే, బండి దగ్గరే చూడాలి. అది దాటితే చల్లారి మళ్ళీ మామూలైపోతుంది. కాబట్టి సీటు కింద ఒక చిన్న సంచి పెట్టుకోండి. ప్లగ్ పానా, పనిచేసే ఒక పాత ప్లగ్, స్క్రూడ్రైవర్, చిన్న గాజు సీసా, మల్టీమీటర్. ఇంతే చాలు.

మొదట గమనించాల్సింది ఎలా ఆగుతోంది అన్నది. తాళం తిప్పి ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు అనుమానం. దగ్గుతూ, మిస్సింగ్ కొడుతూ, యాక్సిలరేటర్ ఇచ్చినా పికప్ లేకుండా నీరసపడి ఆగితే పెట్రోల్ వైపు. ఇది నూటికి నూరు పాళ్ళు నమ్మదగ్గది కాదు గానీ, ఎటు నుంచి మొదలుపెట్టాలో చెబుతుంది. మీరు రెండు రకాలూ రాశారు. ఇరవై నిమిషాలకు ఒకటి, గతుకుల్లో ఒకటి. అందుకే మీ బండికి రెండు వేర్వేరు రోగాలు ఉండొచ్చని నా అనుమానం. మా బండికి అదే జరిగింది.

ఆగగానే స్టార్టర్ కొట్టకండి. ముందు పెట్రోల్ ట్యాంక్ మూత తిప్పండి, చెవి దగ్గర పెట్టి వినండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు 'సుయ్' మని వచ్చిందా? వెంటనే బండి స్టార్ట్ అయి మామూలుగా నడిచిందా? అయితే ట్యాంకులోకి గాలి వెళ్ళే దారి మూసుకుపోయింది. పెట్రోల్ కిందికి దిగాలంటే దిగినంత మేర పైనుంచి గాలి రావాలి. రాకపోతే ట్యాంకులో వాక్యూమ్ పెరిగి, పెట్రోల్ ధార సన్నబడుతుంది. కార్బొరేటర్ బౌల్ (అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) ఖాళీ అయి ఇంజిన్ ఆగుతుంది. కాసేపు వదిలేస్తే సందుల్లోంచి గాలి మెల్లగా దూరుతుంది, మళ్ళీ నడుస్తుంది. అందరూ దీన్ని 'వేడెక్కి ఆగుతోంది' అనుకుంటారు. ఇంకో గుర్తు: ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజు త్వరగా ఆగుతుంది. ట్యాంకులో గాలి తక్కువ ఉంటే వాక్యూమ్ తొందరగా పెరుగుతుంది కాబట్టి.

మా మొదటి బండిలో మూత మీద నుంచి ఒక సన్నటి రబ్బరు పైపు హ్యాండిల్ మధ్య గొట్టంలోకి వెళుతుంది. ఆ పైపు తీసి నోటితో ఊదితే ఊపిరి కదల్లేదు. చివర కోసి చూస్తే కందిరీగ పెట్టిన మట్టి గూడు. గట్టిగా, ఎర్రగా, మాత్ర అంత. దాన్ని తీసేశాక ఇరవై నిమిషాల సమస్య పోయింది. పైసా ఖర్చు లేదు. అంతకు ముందు నేను మార్చిన సామాన్లన్నీ ఇప్పటికీ షెడ్డులో డబ్బాలో ఉన్నాయి.

మూత తీసినా మార్పు లేకపోతే, కార్బొరేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలో పట్టండి. సైలెన్సర్ వేడిగా ఉంటుంది, దాని మీద చుక్క పడకుండా చూసుకోండి. బౌల్ నిండా పెట్రోల్ వచ్చి, ఆ తర్వాత కూడా ధార ఆగకుండా వస్తే సరఫరా బాగుంది. నాలుగు చుక్కలు కారి ఆగిపోతే పెట్రోల్ కాక్‌లో జల్లెడ గానీ, మధ్యలో ఉన్న ఫిల్టర్ గానీ, ఫ్లోట్ నీడిల్ (బౌల్‌లోకి పెట్రోల్‌ను వదిలే, ఆపే సూది) గానీ చూడాలి. మీ బండిలో ఇంజిన్ పీల్చే వాక్యూమ్‌తో తెరుచుకునే కాక్ ఉంటే ఇంజిన్ ఆగాక ధార రాదు, అది సహజం, కంగారు పడకండి. సీసాను ఒక నిమిషం కదపకుండా ఉంచి అడుగు చూడండి. నీళ్ళు ఉంటే వేరే పొరగానో ముత్యాల్లానో కనిపిస్తాయి. ఇప్పుడు మన బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో నూటికి ఇరవై పాళ్ళ వరకు ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి షెడ్డులో నిలిచిన బండిలో ఈ తంటా మామూలే.

పెట్రోల్ బాగుందా, అయితే స్పార్క్. ఇంజిన్‌లో ఉన్న ప్లగ్ విప్పకండి. ప్లగ్ క్యాప్ లాగి, మీ సంచిలో ఉన్న పాత ప్లగ్‌కు తగిలించి, ఆ ప్లగ్ లోహపు భాగం ఇంజిన్‌కు గట్టిగా ఆనేలా పెట్టి స్టార్టర్ కొట్టండి. చేత్తో పట్టుకోవద్దు, షాక్ గట్టిగా కొడుతుంది. ఎర్త్ లేకుండా ఊరికే గాల్లో పెట్టి కొట్టినా సీడీఐ పోయే ప్రమాదం ఉంది. పెట్రోల్ పట్టిన సీసా మూత బిగించి దూరంగా పెట్టాకే ఈ పని. నీలంగా, టక్ టక్‌మని కొడితే స్పార్క్ ఉంది. లేకపోతే దారి దొరికినట్టే.

ఇక్కడ అందరూ సీడీఐ మీద పడతారు. నా అనుభవంలో సీడీఐ చివర్లో అనుమానించాల్సిన వస్తువు. దాని దాకా వచ్చే కరెంటు దారిలోనే ఎక్కువ తప్పులుంటాయి: తాళం, హ్యాండిల్ మీది కిల్ స్విచ్ (ఇంజిన్ ఆపే మీట), పిల్లల కోసం పెట్టే తాడు స్విచ్ (తాడు లాగితే ఇంజిన్ ఆగేది), కనెక్టర్లు, ఎర్త్ వైరు.

మా బండికి గాలి దారి సరిచేశాక కూడా గతుకుల్లో ఆగడం మిగిలింది. వారం పాటు ఎంత వెతికినా దొరకలేదు. అది బ్యాటరీ కరెంటుతో నడిచే సీడీఐ. అప్పుడు ఒక పని చేశాను. ఎలక్ట్రికల్ షాపులో దొరికే చిన్న 12 వోల్టుల ఎల్‌ఈడీ ఇండికేటర్ తెచ్చి, ఒక వైరు సీడీఐలోకి కరెంటు వచ్చే పిన్‌కు, రెండోది ఛాసిస్‌కు కలిపి, లైటును స్పీడోమీటర్ పక్కన టేపుతో అంటించాను. మామూలు బల్బు కంటే ఎల్‌ఈడీ మేలు, రెప్పపాటు కరెంటు పోయినా తెలుస్తుంది. తోట చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ దాని మీదే కన్ను పెట్టాను. మూడో చుట్టులో కాలువ గట్టు దిగుతూ హ్యాండిల్ ఎడమకు పూర్తిగా తిప్పానో లేదో, లైటు ఆరింది, ఇంజిన్ ఆగింది. రెండూ ఒకేసారి. అంటే సీడీఐ మంచిదే, దానికి కరెంటే అందడం లేదు. లైటు వెలుగుతూ ఇంజిన్ ఆగి ఉంటే వెతకాల్సింది సీడీఐకి అవతల, ఇగ్నిషన్ కాయిల్, పికప్ కాయిల్ (ఎప్పుడు స్పార్క్ కొట్టాలో సీడీఐకి చెప్పేది) వైపు.

ఇక బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఐడిల్‌లో ఉంచి, హ్యాండిల్ మెడ దగ్గర వైర్లను ఒక్కొక్కటిగా వేళ్ళతో కదిపాను. నల్లటి వైరు దగ్గర ఇంజిన్ గుటకలు మింగింది. మునుపటి యజమాని అక్కడ కేబుల్ టై బాగా బిగించి వేశాడు. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా వైరు ఒకే చోట వంగి వంగి, పై తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తీగలు తెగిపోయాయి. ఇలాంటిది కంటికి కనబడదు, చేతికి తెలుస్తుంది. అనుమానం ఉన్న వైరును రెండు చేతుల్తో పట్టి మెల్లగా లాగండి. రాగి ఉన్న చోట వైరు సాగదు. తెగిన చోట తొడుగు రబ్బరులా సాగుతుంది. తొడుగు కోసి చూస్తే రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ ముక్క తీసేసి, కొంచెం పొడుగు వైరు కలిపి సోల్డరింగ్ చేసి, హీట్ ష్రింక్ ట్యూబు తొడిగి, హ్యాండిల్ రెండు వైపులా తిరిగేటంత లూజు వదిలాను. ఆ తర్వాత ఇప్పటి వరకు ఆ బండి అలా ఆగలేదు.

మీది బ్యాటరీ లేకుండా మ్యాగ్నెట్ నుంచే కరెంటు తీసుకునే సీడీఐ అయితే ఈ లైటు పద్ధతి పనికిరాదు. వాటిలో చాలావాటికి కిల్ వైరు ఎర్త్‌కు తగిలితే ఇంజిన్ ఆగుతుంది. అంటే ఆ వైరు తొడుగు చిరిగి ఛాసిస్‌కు రాసుకున్నా చాలు. సీడీఐ దగ్గర ఆ ఒక్క వైరు విడదీసి చూడండి. ఆగడం మానేస్తే తప్పు స్విచ్చులవైపు వైరింగ్‌దే. కానీ అలా చేసినప్పుడు తాళం తిప్పినా బండి ఆగదు, ఆ వైరును మళ్ళీ ఎర్త్ చేస్తేనే ఆగుతుంది. స్టాండు మీద, న్యూట్రల్‌లో మాత్రమే చేయండి. అలా విడదీసి తోటలోకి తీసుకెళ్ళొద్దు.

రెండో బండిది నిజంగానే వేడి రోగం. ఆగగానే స్పార్క్ ఉండేది కాదు, అరగంటకు వచ్చేది. పికప్ కాయిల్ కనెక్టర్ ఊడదీసి మీటరు పెడితే చల్లగా ఉన్నప్పుడు రీడింగ్ బాగానే ఉంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. కవరు విప్పి, ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో కాయిల్‌ను వేడిచేస్తూ మీటరు చూశాను. అంకె మెల్లగా పెరిగింది, అది సహజం. రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, 60 డిగ్రీలు పెరిగితే నూటికి ఇరవై పైచిలుకు. కానీ కొంతసేపటికి అంకె మాయమై మీటరు 'ఓపెన్' చూపించింది. డ్రయ్యర్ ఆపి ఐదు నిమిషాలు ఆగితే మళ్ళీ అంకె వచ్చింది. వేడికి లోపల సన్నటి తీగ విడిపోయి, చల్లారాక కలుస్తోంది. ఇంక అనుమానం లేదు, కాయిల్ మార్చాను. మీ బండికి ఎన్ని ఓమ్‌లు ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే నమ్మండి. ఇగ్నిషన్ కాయిల్‌కూ ఇదే పరీక్ష చేయొచ్చు.

స్పార్క్ ఉంది, పెట్రోల్ ఉంది, అయినా వేడి మీద స్టార్ట్ కాకపోతే ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) చూపించండి. గ్యాప్ మరీ తగ్గితే వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది. కొలిచేది మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే.

నా సలహా ఇదండీ: రేపు బండి తీసి, ఆగేదాకా నడపండి. ఆగగానే మూత, సీసా, ప్లగ్, ఈ వరుసలో చూడండి. ఇంటి దగ్గర్లో, చదునైన చోట మాత్రమే. ఇది కచ్చితంగా పాటించండి. మీ బండి బెల్టు గేరుదైతే ఇంజిన్ ఆగగానే క్లచ్ వదిలేస్తుంది, ఇంజిన్ బ్రేక్ ఉండదు. ఎత్తు ఎక్కుతూ ఆగితే వెనక్కి జారుతుంది, అలా జారుతున్నప్పుడు కంగారులో వెనక బ్రేక్ గట్టిగా తొక్కితే ముందు చక్రాలు లేచి బండి మీద పడుతుంది. ఒకవేళ జారితే ఒళ్ళు ముందుకు వంచి, ముందు బ్రేక్ మెల్లమెల్లగా పట్టండి. పూర్తిగా నిలిచాకే వెనక బ్రేక్.

తోటలో పిల్లలు కూడా ఎక్కుతారని రాశారు. తప్పు దొరికేదాకా తాళం చెవి మీ దగ్గరే పెట్టుకోండి.